బొగ్గు లేని ఊళ్ళో సమ్మె

వచ్చినతను ఖాళీ కుర్చీ ఉన్నా కూర్చోలేదు. "ఇక్కడ మీరా హుస్సేన్ గారంటే ఎవరండీ?" అని అడుగుతూనే వెనక్కి తిరిగి అద్దాల తలుపు వైపు చూశాడు. వీసా కాగితాల కోసం వచ్చేవాళ్ళకి తొందర ఉంటుంది గానీ అలా వెనక్కి వెనక్కి చూసే పని ఉండదు. ఇతను రెండో రకం పని మీద వచ్చాడని శ్రీసుధకి అర్థమైపోయింది. టైపు చేస్తున్న దరఖాస్తు అక్కడికక్కడ ఆపేసింది.

దుబాయ్ అల్ కుసైస్‌లో బస్టాపుకి ఎదురుగా ఉన్న ఆ దుకాణం బోర్డు మీద టైపింగ్ సెంటర్ అనే ఉంటుంది. వీసా దరఖాస్తులు, లేబర్ కార్డులు, రద్దు కాగితాలు అరబ్బీలో టైపు చేసిపెట్టడం దాని పని. ఈ దేశంలో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కడితే, ముందు ఆ కట్టినవాణ్ణే వెతుక్కుంటూ వస్తారు. అందుకని మీరా హుస్సేన్ గారు ఆ రెండో పని బోర్డు లేకుండానే చేసేవారు. నెల్లూరులో బీమా కంపెనీకి క్లెయిములు విచారించిన మనిషాయన. తగలబడిన గోడౌన్‌లో బూడిద చూసి, అందులో అసలు సరుకుండేదో లేదో చెప్పేసేవారట. విజయవాడలో బీకాం చదివి, పెళ్ళయ్యాక షార్జా అల్ నహ్దాలో కాపురం పెట్టి, రోజూ ఇక్కడికొచ్చి టైపు కొట్టే శ్రీసుధకి ఆయన మీద గట్టి గురి. ఆయన మాత్రం ఆ గురి సంగతి ఎరగనట్టే ఉండేవారు.

"నేనే అబ్బయా, కూర్చో," అన్నారు మీరా హుస్సేన్. "ముందు నీళ్ళు తాగు. నిన్ను తరుముకుంటా ఎవురూ రాలా. నేను కిటికీలోంచి చూస్తానే ఉండా."

అతను నీళ్ళు తాగి చెప్పాడు. పేరు విక్రమ్. దుబాయ్‌లో ఒక ప్రకటనల కంపెనీలో వీడియోలు ఎడిట్ చేస్తాడు. శుక్రవారాలు మాత్రం సొంత సినిమా తీసుకుంటున్నాడు.

"మా తాత గురించి సార్. దూలం రాజలింగం. మా దిక్కు బొగ్గు బావుల్లో కార్మికులకు నాయకుడు. ఎమర్జెన్సీల సమ్మె చేసిన్రంటే లోపలేసేటోళ్ళు గదా. ఆయన చేయించిండు. నీ ఎనక ఎవరెవరున్నరో పేర్లు చెప్పుమని పోలీసోళ్ళు గోళ్ళు గుంజిండ్రు. ఒక్క పేరు చెప్పలే. జైల్లనే పోయిండు."

"ఆ సినిమా ఇక్కడ తీస్తుండావా?" మీరా హుస్సేన్ గారి కనుబొమ్మలు లేచాయి.

"ఉద్యోగం ఇక్కడుంది సార్, ఇంకెక్కడ తియ్యాలె? కూలోళ్ళుండే లేబర్ క్యాంపు ఎనక నల్ల కంకర కుప్పలున్నయి. కెమెరాల చూస్తే బొగ్గు లెక్కనే ఉంటయి. మనుషులు సుత శానమట్టుకు మా దిక్కోళ్ళే దొరికిండ్రు."

అసలు గొడవ ఆ మనుషుల దగ్గరే వచ్చింది. రాజలింగం వేషం వేసింది లింబాద్రి అని, ఒక బిల్డింగు కంపెనీలో టవర్ క్రేన్ నడిపే మనిషి. పోయిన శుక్రవారం సమ్మె ఉపన్యాసం సీను తీశారు. ఆ వారంలోనే ఆ ఉపన్యాసం ఉన్న సీడీ ఒకటి కంపెనీ ముదీర్ బల్ల మీదికి చేరింది. మేనేజర్‌ని అక్కడందరూ అలాగే అంటారు. క్యాంపులో సమ్మె చేయిస్తున్నారని ముదీర్ మండిపడి, దస్తగిరి అనే కడప జిల్లా మనిషిని డ్యూటీ మీంచి దింపించి క్యాంపు ఆఫీసు గదిలో కూర్చోబెట్టాడు. ఆదివారం విమానం ఎక్కిస్తారట, మళ్ళీ ఈ దేశం గడప తొక్కకుండా ముద్ర కూడా వేస్తారట.

"దస్తగిరి ఏం చేశాడు?" అని అడిగింది శ్రీసుధ.

"ఏం చెయ్యలేదు మేడమ్. ఎనక నిలబడి చెయ్యెత్తిండు, గంతే. వచ్చి ఏడాది కాలే. ఇంటి గోడలు లేచినయి, పైకప్పు మిగిలిందని ఎవరు కనబడితే వాళ్ళకు చెప్పుకుంటడు."

"మరి ఉపన్యాసం ఇచ్చినోడు?"

"లింబాద్రినా? ఆయన్ని ఏమనలేదు సార్! క్రేన్ మీదనే ఉన్నడు. గందుకే క్యాంపులందరు ఆయననే కంపెనీ మనిషంటున్నరు. సీడీ ఇచ్చి పోరగాన్ని పట్టిచ్చిండంటున్నరు. మెట్ల మీంచి తోసేస్తమని బెదిరిస్తున్నరు. నాకు నమ్మబుద్ధి గాదు. ఎవరిచ్చిండ్రో మీరు తేల్చాలె. తేలితే దస్తగిరి ఆగుతడేమో."

మీరా హుస్సేన్ కళ్ళద్దాలు సర్దుకున్నారు. "ముందు ఆ ఉపన్యాసం చూపించు," అన్నారు.

విక్రమ్ లాప్‌టాప్ తెరిచాడు. కంకర కుప్ప మీద నిక్కరు, బనీను వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకున్న లింబాద్రి నిలబడి ఉన్నాడు. "అన్నలారా! ఇయ్యాల్టి సంది ఒక్కడు బాయిల దిగద్దు! తట్టెడు బొగ్గు పైకి రావద్దు! మనం సచ్చినా దొరకు లెక్క లేదు. మనం ఆగితేనే లెక్క!" వెనక జనం పిడికిళ్ళెత్తారు. లింబాద్రి భుజం పక్కనే ఒకడు అందరికంటే పెద్దగా నోరు తెరిచి అరుస్తూ, మధ్యలో కెమెరా వైపు చూసి నవ్వేశాడు. అతనే దస్తగిరి. శ్రీసుధకి ఇది నటనంటే ఎవరు నమ్ముతారు అనిపించింది.

"సీడీలు ఎన్ని చేశావు?"

"రెండు. ఒకటి మా ప్రొడ్యూసర్ రామచంద్రరావు సార్‌కి. ఆయన ఆ కంపెనీలనే ప్రాజెక్ట్ ఇంజనీరు. ఖర్చంతా ఆయనదే. ఇంకోటి లింబాద్రికి. ఇంటికి పంపుకుంటనన్నడు. రావు సార్‌కు సీను మొత్తం ఇచ్చిన, క్లాప్ కొట్టుడు, నేను యాక్షన్ అని ఒర్లుడు, అన్నీ ఉంటయి. లింబాద్రి మాత్రం ముందు ఎనక ఏం లేకుండ ఉపన్యాసం ఒక్కటే ఇయ్యుమన్నడు."

"అంతకు ముందు శుక్రవారం ఏం తీశావు?"

"తాత అజ్ఞాతంల దాక్కున్న సీను, లింబాద్రి గదిలనే. అది వేరే తిప్పలు సార్. ఆయన మంచం కింద అట్టపెట్టె, తాడు కట్టి, మీద హైదరాబాద్ అని ఇంత పెద్ద అక్షరాలు! ఎమర్జెన్సీ కాలంల ఆ పెట్టె ఎక్కడిది? దుప్పటి కప్పుమన్న. దుప్పటి గా పెట్టెలనే ఉందన్నడు. చివరికి నా కోటు కప్పిన."

విక్రమ్ ఆ తిప్పలు తలుచుకుని కొంచెం నవ్వాడు. మీరా హుస్సేన్ నవ్వలేదు.

మర్నాడు డ్యూటీ బస్సులు తిరిగొచ్చే వేళకి మీరా హుస్సేన్, శ్రీసుధ ఇద్దరూ క్యాంపుకి వెళ్ళారు. ఆడవాళ్ళని లోపలికి రానివ్వరు కాబట్టి శ్రీసుధని కార్లోనే ఉంచి ఆయన ఒక్కరే గేటు దాటారు. జనవరి చలి. ఇసుక మీంచి వచ్చే గాలికి కారు అద్దం ఎత్తుకుని, శ్రీసుధ చేసేది లేక గేటు పక్క ఫోను డబ్బాల వైపు చూస్తూ కూర్చుంది. మూడో డబ్బా దగ్గరున్న మనిషిని గుర్తుపట్టింది. లింబాద్రి. కార్డు పెట్టి నంబరు నొక్కి, పెదవుల కదలికని బట్టి ఒక్క మాట, బహుశా పేరు, పిలిచాడు. అంతే. తర్వాత ఫోను చెవికి ఆనించుకుని కార్డు అయిపోయేదాకా కదలకుండా నిలబడ్డాడు. వినడమే తప్ప మాట్లాడలేదు. ఒంటి మీద పల్చటి చొక్కా తప్ప ఏమీ లేదు.

మీరా హుస్సేన్ గారితో పాటు మెస్సులో వంట చేసే మౌలా సాహెబ్ బయటికొచ్చాడు. నిజామాబాద్ మనిషి. చేతికంటిన పిండి తుడుచుకుంటూనే మొదలుపెట్టాడు.

"చూసిన్రా మేడమ్? హర్ రోజ్ ఇదే. ఫోన్ల మాట్లాడడు, ఉత్తగ వింటడు. ఎవడన్న ఇంటికి ఫోన్ చేసి గమ్మునుంటడా? కంపెనీవాళ్ళు చెప్పేది వింటుండు, ఇంకేంది!"

"పెట్టె సంగతి చెప్పు," అన్నారు మీరా హుస్సేన్.

"ఆఁ, పెట్టె! నాలుగేండ్ల సంది ఛుట్టీ ఇయ్యలే వీనికి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర. ప్రాజెక్టు ఖతమైనంక చూద్దామంటరు. మరి పెట్టె ఎట్ల గట్టిండు? పోరన్ని పట్టిచ్చినందుకు ఛుట్టీ ఇనామ్ దొరికింది, గదే. గీ చలిల దుప్పటి గూడ అండ్లనే పెట్టుకుండు. రాత్రంత వణుకుతడు గని తాడు ఇప్పడు."

"మీ బావమరిది ఈ వారం ఊరికి పోయినాడంటివే. లింబాద్రి ఏమన్నా పంపినాడా? సీడీ గానీ?"

"అందరియి నేనే జమ జేసిన సాబ్. సబ్బులు, టాంగ్ డబ్బాలు, సీడీలు. లింబాద్రి మాత్రం ఏం ఇయ్యలే. అడిగినా ఇయ్యలే."

"ఇంతకు ముందు ఈ క్యాంపులో ఎవురినన్నా ఇట్టా పంపేసినారా?"

"పోయినేడు ఒకడు క్యాంపు బాసుతోని లొల్లి బెట్టుకుండు. యల్లా, ఖలాస్! రెండ్రోజులల్ల విమానంల ఉన్నడు. టికెట్టు గూడ కంపెనీదే." మౌలా సాహెబ్ వెనక్కి తిరిగి ఫోను డబ్బా వైపు కోపంగా చూశాడు. లింబాద్రి అప్పటికి వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు శ్రీసుధ తను చూసింది చెప్పింది. "సార్, ముందు ఒక్కసారి పిలిచాడు. ఎవరినో పేరు పెట్టి పిలిచినట్టే ఉంది. కంపెనీవాళ్ళనైతే పేరు పెట్టి పిలుస్తాడా?"

ఆయన స్టీరింగు మీంచి చూపు తిప్పకుండా, "బాగా చూశావమ్మా," అన్నారు. ఆ రెండు మాటలకీ శ్రీసుధ సంబరపడిపోయింది. మరుక్షణం, ఆదివారం విమానం గుర్తొచ్చి తన సంబరం మీద తనకే సిగ్గేసింది.

రామచంద్రరావు గారిల్లు అల్ నహ్దాలోనే, శ్రీసుధ వాళ్ళ వీధికి అవతల. రాజమండ్రి మనిషి. కాలేజీ రోజుల్లో జెండాలు పట్టుకున్న ఫొటో ఒకటి హాల్లో అద్దాల బీరువాలో ఉంది. లోపల పిల్లలు హోమ్‌వర్క్ చేసుకుంటున్నారు. ఆయన భార్య టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది.

"విక్రమ్ ఫోన్ చేసేదాకా నాకు అసలు ఏమీ తెలీదండీ. షాకైపోయాను," అన్నాడాయన.

"మీ సీడీ?"

రావు గారు లేచి సొరుగులోంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో. ఎవరికీ ఇవ్వలేదు."

"మీ ముదీర్ ఏ దేశపాయన?"

"లెబనాన్. మంచివాడే, కానీ కోపం వస్తే మనిషి కాదు."

"మీ ఆఫీసులో తెలుగోళ్ళు ఎందరండీ?"

"నేనొక్కణ్ణే. మిగతా అంతా మలయాళీలు, ఫిలిపినోలు."

"లింబాద్రి పని ఎట్టాంటిది?"

"అబ్బో, అతనిలాంటి క్రేన్ ఆపరేటర్ దొరకడండీ. గాలి ఎంతున్నా సెంటీమీటరు తేడా రాదు. అతను లేకపోతే ఈ నెల స్లాబు ఎక్కదు, నా పీక మీదికొస్తుంది."

"దస్తగిరి?"

"హెల్పరు." రావు గారు టీ కప్పు కింద పెట్టాడు. "పాపం."

బయటికొచ్చాక మీరా హుస్సేన్ కారెక్కకుండా కాసేపు అలాగే నిలబడ్డారు. "అయిపోయిందమ్మా," అన్నారు. కేసు తేలినప్పుడు ఆయన ముఖంలో ఒక వెలుగు ఉంటుంది. ఆ వెలుగు కోసం శ్రీసుధ చూసింది. కనిపించలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక టైపింగ్ సెంటర్ షట్టరు సగం దించి నలుగురినీ కూర్చోబెట్టారు. విక్రమ్, రావు గారు, మౌలా సాహెబ్ ఒక వైపు. లింబాద్రి ఎదురుగా, ఒక్కడే, అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. మౌలా సాహెబ్ కుర్చీని అతనికి ఎడంగా జరుపుకోవడం శ్రీసుధ గమనించింది.

"ముదీర్ దగ్గరికి పోయిన సీడీలో క్లాప్ లేదు," అని మొదలుపెట్టారు మీరా హుస్సేన్. "ఉంటే అది సినిమా అని చంటిబిడ్డకైనా తెలుస్తుంది. అంటే అది రావు గారిది కాదు. లింబాద్రిది. ఇంటికి పంపుతానన్నాడు, పంపలా. ముదీర్ బల్ల మీద పెట్టింది లింబాద్రే."

"నేన్ జెప్పలేదా!" మౌలా సాహెబ్ లేచాడు. "నమక్ హరామ్!"

"కూర్చో మౌలా. నువ్వు చెప్పింది సగమే నిజం. దస్తగిరిని పట్టించినందుకు సెలవు ఇచ్చినారు, అందుకే పెట్టె కట్టినాడు అంటివి. ఆ పెట్టె ఉపన్యాసం సీను తియ్యకముందే కట్టుండాది. విక్రమ్ దాని మీద కోటు కప్పినాడు. బహుమానంగా వచ్చిన సెలవైతే, అప్పటికింకా సీడీనే లేదే! దుబాయ్‌లో పెట్టెకి తాడు ఎప్పుడు కడతారు? పోయే రోజు తెలిసినాక కడతారు. అందులో దుప్పటి పెట్టినాక ఇంక దాన్ని విప్పరు. సెలవు లేనోడు, పాస్‌పోర్టు చేతిలో లేనోడు, పోతానని అంత గట్టిగా ఎట్టా అనుకున్నాడు?"

ఆయన లింబాద్రి వైపు తిరిగారు. "గొడవ చేసినోణ్ణి ఈ కంపెనీ రెండ్రోజుల్లో విమానం ఎక్కిస్తుంది. నోరు మూసుకుని పనిచేసేవోడికి నాలుగేళ్ళయినా సెలవు ఇయ్యదు. నీ వేషం ఏందో తెలిసినప్పుడే నీకు దారి దొరికింది గదా లింబాద్రీ? ఆ సీడీ నువ్వు ఇంకెవురి మీదా ఇయ్యలా. నీ మీద నువ్వే ఇచ్చుకున్నావు."

లింబాద్రి తల ఎత్తలేదు. "అవ్ సార్," అన్నాడు.

"ఫోన్లో నువ్వు పిలిచేది ఎవురిని?"

"నా పెండ్లాం. సత్తవ్వ." అరచేతులు మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు. "బిడ్డ సచ్చిపోయింది సార్, పోయిన వానకాలం. జరమొచ్చింది. నన్ను పోనియ్యలే. అప్పటిసంది సత్తవ్వ మాట్లాడతలేదు. ఫోన్ ఎత్తుతది. ఊపిరి ఇనబడతది. గంతే. మొదట్ల ఏదో ఒకటి అను, తిట్టు అన్న. అనలే. ఇప్పుడు పేరు వట్టి పిలిచి, అట్లనే ఇనుకుంట నిలబడత. నేను ఎదురుంగ కూసుంటె మాట్లాడతదని నా ఆశ."

మౌలా సాహెబ్ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"నన్ను పంపుతరనుకున్న," అన్నాడు లింబాద్రి. "మాట్లాడింది నేను గదా. దస్తగిరి ఊకె ఎనక నిలబడ్డడు. ఎనక నిలబడ్డోన్ని పంపుతరని నాకెట్ల తెల్సు? నన్నెందుకు ఇడిసిపెట్టిన్రో ఇప్పటికీ సమజైతలేదు."

"అది రావు గారు చెప్పాలి," అన్నారు మీరా హుస్సేన్.

రామచంద్రరావు గారి చేతులు కుర్చీ పట్టుకున్నాయి. "నేనా? నాకు విక్రమ్ ఫోన్ చేస్తేనే..."

"ముదీర్‌కి తెలుగు రాదు సార్. ఆ సీడీలో ఏముందో ఆయనకి చెప్పిందెవురు? ఆఫీసులో తెలుగోడు మీరొక్కరేనని మీరే అంటిరి. సరే, ఉన్నదున్నట్టు చెప్పుంటే ఏమయ్యేది? ఉపన్యాసం మొత్తం బొగ్గు, బావి. దుబాయ్‌లో బొగ్గు బావి యాడుందయ్యా అని ముదీర్ ఒక్క ప్రశ్న అడిగితే అది నాటకమని అప్పుడే తేలిపోయేది. ఆయన అడగలా. అంటే తెలుగు తెలిసినోడు బొగ్గుని మింగేసి, పనికి పోవద్దన్న మాట ఒక్కటే ఇంగ్లీషులో చెప్పినాడు."

రావు గారు ఇక ఆపుకోలేకపోయాడు. "ఏం చెయ్యమంటారండీ! పిలిచి స్క్రీన్ చూపించి, వీడేమంటున్నాడు అన్నాడు. సినిమా అంటే, ఎవరు తీస్తున్నారంటాడు. డబ్బెవరిదంటాడు. నా కొలీగ్ ఒకతన్ని ఇంతకంటే చిన్నదానికి పంపేశారు. పిల్లలు చదువుకుంటున్నారు. అప్పటికప్పుడు ఏదో చెప్పేశాను. లీడర్ ఎవడు, ఎవణ్ణి పంపాలి అని అడిగాడు. లింబాద్రిని పంపితే పనాగిపోతుంది సార్, వీణ్ణి వెనకున్న వాడే రెచ్చగొడుతున్నాడు అని దస్తగిరిని చూపించాను." లింబాద్రి వైపు తిరిగాడు. "నిన్ను కాపాడాననుకున్నాను లింబాద్రీ. దేవుడి మీద ఒట్టు."

"నన్నెవడు కాపాడుమన్నడు సార్?" అన్నాడు లింబాద్రి. అతని గొంతులో కోపం కూడా లేదు.

విక్రమ్ తన ప్రొడ్యూసర్ వంక చూస్తూ ఉండిపోయాడు. గోళ్ళు పీకినా పేరు చెప్పని మనిషి మీద సినిమాకి డబ్బు పెట్టినాయన, ఎవరూ చెయ్యి చేసుకోకముందే, ఏసీ గదిలో, అడిగిన మొదటిసారికే పేరు చెప్పేశాడు. ఆ మాట విక్రమ్ అనలేదు, అనక్కర్లేదు కూడా. రావు గారికి అది వినబడుతూనే ఉంది.

"అయితే ఇప్పుడు వెళ్ళి నిజం చెప్పేద్దాం సార్," అంది శ్రీసుధ. దారి దొరికిందన్న ఉత్సాహంలో ఆమె గొంతు పెద్దదైంది. "సినిమా అని చెబుదాం. టేపు చూపిద్దాం. దస్తగిరిని వదిలేస్తారు!"

మీరా హుస్సేన్ ఆమె వైపు జాలిగా చూశారు. "నేను రెండు రాత్రుళ్ళు అదే ఆలోచించినానమ్మా. పర్మిట్ లేకుండా షూటింగు. అదీ కంపెనీ స్థలంలో, అదీ సమ్మె మీద. తీసినోడు విక్రమ్, డబ్బు రావు గారిది, షూటింగుకి మెస్సు గేటు తీసినోడు మౌలా. టేపు చూపిస్తే వెనకాల ఉన్న ప్రతి ముఖమూ కనిపిస్తుంది. దస్తగిరి ఆగడు, అందరూ అతని వెంట పోతారు. నిజం మన చేతిలో ఉండాది. యాడ పెట్టినా అది ఇంకొకడి మీదనే పడతాది."

"నేనొక్కన్నే పోత," అన్నాడు లింబాద్రి. "సినిమా మాట ఎత్తనే ఎత్త. లీడర్ను నేను, నన్ను పంపుండ్రి అంట."

ఎవరూ వద్దనలేదు. రావు గారు కూడా తల ఊపాడు. అంతకు మించి ఎవరూ ఏమీ చెయ్యగలిగింది లేదు.

శనివారం జరిగింది మౌలా సాహెబ్ ఫోన్ చేసి చెప్పాడు. లింబాద్రి పొద్దున్నే ముదీర్ గది ముందు నిలబడి, వచ్చిన రెండు ఇంగ్లీషు ముక్కల్లో, "మై లీడర్ సార్, మై గో, దస్తగిరి నో గో" అన్నాడట. ముదీర్ రావు గారిని పిలిపించాడు. ఈసారి రావు గారు లింబాద్రి మాటల్ని ఉన్నవున్నట్టే చెప్పాడట. ముదీర్ పెద్దగా నవ్వి, స్నేహితుడి కోసం ఇంత చేసేవాడు మంచి పనివాడు, ఇలాంటివాణ్ణి అసలు వదులుకోకూడదు అని లింబాద్రి భుజం తట్టి చాయ్ ఇప్పించాడట. స్లాబు అయ్యాక సెలవు సంగతి చూద్దామన్నాడు. పది నిమిషాల్లో లింబాద్రి మళ్ళీ క్రేన్ మీద ఉన్నాడు.

సాయంత్రం కంపెనీ తరఫున కాగితాలు తిప్పే మలయాళీ కుర్రాడొకడు వచ్చాడు. ఆ కంపెనీ కాగితాలు ఎప్పుడూ ఈ వీధిలోనే ఏదో ఒక సెంటర్‌లో టైపు అవుతాయి. ఆ రోజు మీరా హుస్సేన్ గారి సెంటర్‌లో వరస ఖాళీగా ఉంది, అంతే. అతని వెనక దస్తగిరి ఉన్నాడు. కంప్యూటర్ తెర మీద చూసిన నవ్వు లేదు గానీ మనిషి అతనే.

శ్రీసుధ మీరా హుస్సేన్ గారి వైపు చూసింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "టైపు చెయ్యమ్మా," అన్నారు. మనం చెయ్యకపోతే పక్క దుకాణంలో చేస్తారన్న సంగతి ఆయన చెప్పకపోయినా ఆమెకి తెలుసు. చేసింది. వీసా రద్దు. పని మానుకుంటున్నది స్వంత ఇష్టంతో. కంపెనీ మీద ఫిర్యాదులు లేవు. ఆ వాక్యాలు ప్రతి రద్దు కాగితంలోనూ ఉంటాయి. ఇన్నేళ్ళలో ఆమె ఎన్నడూ వాటిని చదవలేదు, టైపు మాత్రమే చేసింది.

మలయాళీ అబ్బాయి ఫోను మోగి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. దస్తగిరి బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"మ్మా, విక్రమ్ సార్ మీ కాడికే వచ్చినాడంట గదా, ఎవురిచ్చినారో కనుక్కోమని. మౌలా సాబ్ చెప్పినాడు. తెలిసిందా మ్మా?"

తెలిసింది. ఇచ్చినవాడి పేరు తెలుసు, ఎందుకిచ్చాడో తెలుసు, వేలెత్తి చూపించినవాడి పేరు కూడా తెలుసు. రెండు పేర్లూ ఆమె నాలుక మీదే ఉన్నాయి. లింబాద్రి పేరు చెబితే క్యాంపులో అతన్ని బతకనివ్వరు. రావు గారి పేరు చెబితే ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి చెవిన పడుతుంది, విక్రమ్ నుంచి వెనక చెయ్యెత్తిన చివరి మనిషి దాకా అందరూ పోతారు. ఏ పేరు చెప్పినా దస్తగిరి రేపు పోతాడు. ఆమె మీరా హుస్సేన్ గారి కోసం చూసింది. ఆయన కిటికీ దగ్గర నిలబడి రోడ్డు వైపు తిరిగి ఉన్నారు.

"తెలియలేదు దస్తగిరీ," అంది శ్రీసుధ. "చాలా ప్రయత్నం చేశాం."

దస్తగిరి ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. తర్వాత ఆమెనే ఓదారుస్తున్నట్టు తలాడించాడు.

"పోనీలే మ్మా, మీరేం బాధపడద్దండి. ఇంత పెద్ద కంపెనీలో యాడ తెలుస్తాదిలే," అని పెన్ను తీసుకుని, "యాడ సంతకం పెట్టల్ల?" అని అడిగాడు.